మున్సిపాలిటీ వారి ఎడమ చెవి

కుక్కకు రెండు చెవులుంటాయనీ, ఆ రెండూ ఆ కుక్కవేననీ నేను ఇరవై రెండేళ్లపాటు నమ్ముతూ వచ్చాను. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరిన రోజు నుంచీ ఆ నమ్మకం మీదే పనిచేశాను. అది తప్పని తెలియజేస్తూ మొన్న వేసవిలో మా గుమ్మలవలస మున్సిపాలిటీ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది.

మా ఊళ్లో వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసేది మున్సిపాలిటీ. ఒకసారి చేసిన కుక్కను మళ్లీ పట్టుకోకుండా గుర్తుగా ఎడమ చెవి కొసన చిన్న ముక్క కత్తిరిస్తారు. ఇంతవరకు మంచి పనే. పేచీ ఎక్కడొచ్చిందంటే, తనిఖీకి వచ్చిన పెద్దలకు రిజిస్టరులో వెయ్యిన్నూట పన్నెండు ఆపరేషన్లు కనిపించాయి, వీధుల్లో కత్తెర పడ్డ చెవులు మూడు వందలు కూడా కనిపించలేదు. మిగతా చెవులు ఏమయ్యాయని అడిగితే, పశువుల ఆసుపత్రివాళ్లు మందులు పోసి గుర్తులు చెరిపేశారని మున్సిపాలిటీ జవాబిచ్చింది. మా మందుకు తెగిన చెవి మొలుస్తుందని మాకు అప్పటిదాకా తెలియదు.

తనిఖీ పెద్దలు ఆ జవాబుతో తృప్తిపడి భోజనం చేసి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. "కత్తిరింపు గుర్తు గల చెవి యావత్తూ ఇకమీదట పురపాలక సంఘపు శాశ్వత రికార్డుగా పరిగణింపబడును. సదరు రికార్డును ఇతర శాఖల సిబ్బంది తాకుట, తుడుచుట, కడుగుట, అందు ఏ విధమైన ద్రవమునైనను పోయుట రికార్డును తారుమారు చేయుటగా భావించి తగు చర్య గైకొనబడును."

మా డాక్టరు ఇందుశేఖరం గారు దాన్ని రెండుసార్లు చదివి, జిరాక్స్ తీయించి గోడకు అంటించారు. ఆయన చేయి తిరిగిన వైద్యుడు. కడుపులో దూడ అడ్డం తిరిగిందంటే చొక్కా విప్పి బురదలో మోకాళ్లూని కూర్చుంటారు. రబ్బరు స్టాంపు కనిపిస్తే మాత్రం ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు.

సర్క్యులర్ అంటించిన మూడో రోజున అసిరమ్మ తన బూచిగాణ్ణి తీసుకుని వచ్చింది.

అసిరమ్మ బస్టాండు దగ్గర ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంది. అంతకుముందు పాతికేళ్లు నూనెమిల్లులో పనిచేసింది. ఆ మర హోరుకి చెవులు రెండూ పోయాయి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు. బూచిగాడు ఎవరో పెంచి వదిలేసిన కుక్క. వాడికి జాతికుక్కల్లాగా చెవులు చెంపల మీదికి వేలాడుతుంటాయి. అలాంటి చెవుల్లో గాలి ఆడదు. తడి చేరితే ఆరదు. స్నానం చేయించినా వానలో తడిసినా పొడిగుడ్డతో తుడవాలి, వారానికోసారి ఎత్తి చూడాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మా ఆసుపత్రి గోడ మీదే ఉండేది. దాని మీదే ఇప్పుడు సర్క్యులర్ అంటించారు.

బూచిగాడు తల ఎడమవైపు వాల్చి, వెనక కాలితో చెవిని గీరుకుంటూ లోపలికి వచ్చాడు. చెవి ఎత్తాను. కాఫీ మడ్డిలాంటి జిగురు, పులిసిన వాసన.

"ఎన్నాళ్లనుంచమ్మా?" అని చెవిలో అరిచాను.

"నాలుగు రోజుల్నుంచి బాబూ. అన్నం ముట్టడు. తల ఒకటే ఇదిలించీసుకుంటన్నాడు. తొరగా సూసీయండి బాబూ, ఈడి సెవులు బాగుంటేనే నాను బతికుంటాను."

పెంచుకున్నవాళ్లు అలా అనడం మామూలే అనుకున్నాను. ఆమె మాత్రం మామూలుగా అనలేదు. అసిరమ్మ ఇల్లు రైలుకట్టకు అవతల ఉంది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గంప నెత్తిన పెట్టుకుని పట్టాలు దాటాలి. బండి కూత ఆమెకు వినపడదు. బూచిగాడికి వినపడుతుంది. వాడు ఆమె చీర కుచ్చెళ్లు పంటితో పట్టుకుని కదలనివ్వడు. బండి వెళ్లాక వదిలేస్తాడు. ఐదేళ్లుగా ఇలాగే దాటుతున్నారు.

"ఇదెంత పనమ్మా! కడిగి, తుడిచి చుక్కలేస్తాను. పది రోజులు తీసుకొస్తే సరి," అని దూది తీశాను. నిజంగానే అంత పని కాదు. కడగడానికి ఐదు నిమిషాలు, ఆరడానికి ఐదు నిమిషాలు.

"గౌరునాయుడూ, ఆగు!" అన్నారు డాక్టరు గారు వెనకనుంచి.

ఆయన చూపు చెవి లోపల లేదు. చెవి కొసన ఉంది. అక్కడ కత్తెర గుర్తు.

"ఇది రికార్డు," అన్నారు మెల్లగా. చేయి కడుక్కున్నారు. ముట్టుకోకుండానే కడుక్కున్నారు.

"సార్, లోపల చీము పడుతోంది."

"చీము సంగతి నాకు తెలీదా? అది ఎవరి పరిధిలో పడుతోందో అదీ చూడాలి. అనుమతి కోరుతూ లెటరు పెడదాం. ఈలోగా పేషెంటును ఊరికే పంపితే బాగుండదు. కుడి చెవి మనదే. దానికి చెయ్యి."

"కుడి చెవికి ఏమీ లేదండి."

"అయితే ఇంకా మంచిది. తొందరగా నయమవుతుంది."

నేను కుడి చెవి కడిగి చుక్కలు వేశాను. బూచిగాడు నా వంక చూసి, ఎడమ చెవిని నా మోకాలికేసి రుద్దాడు. అసిరమ్మ కూడా చూసింది. "అటేపు కాదు బాబూ, ఇటేపు," అని వేలు పెట్టి చూపించింది. సర్క్యులర్‌లోని భాషను చెవిటామె చెవిలో అరిచి చెప్పడం ఎలాగో నాకు చేతకాలేదు. "లెటరు పెడతాం!" అని మాత్రం అరిచాను.

లెటరు నేనే పట్టుకెళ్లాను. అసిరమ్మ, బూచిగాడు నా వెనకే వచ్చారు. మున్సిపాలిటీలో కుక్కల విషయం చూసేది శానిటరీ ఇన్‌స్పెక్టర్ దాలినాయుడు గారు. లెటరు చదివి కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆపరేషనో, కత్తిరింపో అయితే నా సెక్షను. ఒకసారి కత్తిరించాక అది రికార్డయిపోతాది. రికార్డులు భద్రపరిచేది రికార్డు సెక్షను."

"అక్కడ మందులుంటాయా అండి?"

"రికార్డులు బాగు చేయడానికి ఏం కావాలో వాళ్లకి తెలుస్తాది గదా!"

రికార్డు సెక్షను గుమస్తా పెద్దమనిషి. కాయితాలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన అడిగిన ప్రశ్నలు కూడా సరైనవే. "తడి తగిలిందా?" అన్నారు. తగిలిందన్నాను. "పురుగేమైనా పట్టిందా?" అన్నారు. చెవిపురుగు ఉండొచ్చన్నాను. ఆయన తృప్తిగా తలాడించి, బీరువా తెరిచి రెండు కలరా ఉండలు తీసి అసిరమ్మ చేతిలో పెట్టారు.

"ఒకటి మడతలో పెట్టు. రెండోది ఆర్నెల్ల తరవాత మార్చుకో. ఎండ తగలనీ. దుమ్ము దులుపుతూండు," అన్నారు.

అసిరమ్మ వాటిని కళ్లకద్దుకుంది. గేటు దాటగానే వాటిని ఆమె చేతిలోంచి లాక్కుని కాలవలో పారేశాను. ఆమె బిక్కమొహం వేసింది. "మందు పారేసినారేటి బాబూ!" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తరవాత నెల రోజులు లెటర్లు నడిచాయి. మా లెటరుకు జవాబుగా, జబ్బు చేసినది రికార్డా లేక రికార్డు గల జంతువా తెలియజేయమన్నారు. రెండూ అని రాశాం. రెండూ ఒకే అర్జీలో కలిపి రాయకూడదన్నారు. విడగొట్టి రాశాం. జబ్బు ఎడమ చెవిలోనే ఉందని ధ్రువీకరించడానికి ఎడమ చెవిని ఎవరి అనుమతితో చూశారో సంజాయిషీ చెప్పమన్నారు. ఆ సంజాయిషీ రాయడానికి డాక్టరు గారికి వారం పట్టింది. చెవిని చూడలేదనీ, వాసన దానంతట అదే మా పరిధిలోకి వచ్చిందనీ రాశారు.

ఆ మధ్యలోనే పైనుంచి 'శునక శ్రవణ సంరక్షణ పక్షోత్సవం' వచ్చి పడింది. ఎక్కడో ఏదో సమావేశంలో ఎవరో పెద్దాయన, కుక్క చెవి ఆరోగ్యమే ఊరి ఆరోగ్యమని అన్నారట. మా ఆసుపత్రికి పదిహేను రోజుల్లో ఆరు వందల చెవులు లక్ష్యం. చెవికి రోజుకు రెండుసార్లు ద్రావణంతో శుభ్రం చేసి ఫొటో పెట్టాలి. ఫ్లెక్సీలు కట్టారు. బడిపిల్లల చేత ర్యాలీ తీయించారు. 'చెవిని కడుగు, ముందుకు అడుగు' అని నినాదం. రెండో మాటకీ మొదటి మాటకీ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

గుర్తున్నా లేకపోయినా వీధికుక్కల ఎడమ చెవి జోలికి పోవద్దన్నారు డాక్టరు గారు. కాబట్టి ఆరు వందలూ కుడి చెవులే కావాలి. జబ్బున్న చెవుల్ని వెతికే తీరిక లేదు. పట్టుబడిన కుడి చెవినల్లా కడిగాం. ఆసుపత్రికి రోజూ నమ్మకంగా వచ్చే కుక్క ఒకటుంది గనక, బూచిగాడి కుడి చెవిని పదిహేను రోజులపాటు పూటకోసారి కడిగాం. ఫొటోలో ఎడమ చెవి పడకుండా నేను తల పట్టుకునేవాణ్ణి.

పన్నెండో రోజున డాక్టరు గారికి చెప్పాను. "సార్, వేలాడే చెవి. ఇన్నిసార్లు తడిపితే కుడిది కూడా పాడవుతుంది. అసలు జబ్బు వచ్చేదే తడితో కదా!"

ఆయనకు తెలియక కాదు. తల దించుకునే అన్నారు, "ఇంకా నలభై ఒక్క చెవులు తక్కువున్నాయి నాయుడూ."

నేను కడిగాను. ఈ చేతులతోనే కడిగాను. లక్ష్యానికి మించి ఆరు వందల పదమూడు చెవులు చేశామని మా ఆసుపత్రికి ప్రశంసాపత్రం వచ్చింది. పక్షోత్సవం ముగిసిన మూడో రోజున బూచిగాడి కుడి చెవి ఎత్తితే అదే కాఫీ మడ్డి, అదే వాసన.

కమిషనర్ విశ్వంభరరావు గారు కదిలింది అప్పుడే. కుడి చెవికి జబ్బు రావడానికి ఎడమ చెవే కారణమని మేమూ, పక్షోత్సవమే కారణమని వాళ్లూ రాసుకోవడంతో, ఉమ్మడి తనిఖీ జరపాలని నిర్ణయించారు. మా ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. సర్వేయరు టేపుతో వచ్చాడు. బూచిగాడి ముక్కు నుంచి నడినెత్తి మీదుగా మెడ దాకా సుద్దముక్కతో గీత గీశాడు. గీతకు అటువైపు దాలినాయుడు గారు, ఇటువైపు డాక్టరు గారు నిలబడ్డారు. అసిరమ్మ కుక్క మెడ పట్టుకుని మధ్యలో కూర్చుంది.

"విషయాన్ని మనం సమగ్రంగా, సానుకూల దృక్పథంతో, బహుముఖంగా పరిశీలించాల్సి ఉంది," అంటూ కమిషనర్ గారు వంగారు. ఆయన తెల్లచొక్కా వేసుకున్నారు.

బూచిగాడు తల విదిలించాడు.

కమిషనర్ గారి చొక్కా మీద నాలుగు మరకలు పడ్డాయి. దాలినాయుడు గారు పరిశీలనగా చూసి, "ఇది కుడి చెవిదండి, ఆసుపత్రిది," అన్నారు. జీవితంలో మొదటిసారిగా మా డాక్టరు గారికి పౌరుషం వచ్చింది. "కాదండీ, రంగు చూడండి. నెలన్నర నాటి పాత చీము. మున్సిపాలిటీదే. రికార్డులో భాగం కాబట్టి తుడవడానికి మాకు అధికారం లేదు," అన్నారు. కమిషనర్ గారు ఆ మరకలతోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే తీర్మానం వెలువడింది. "ఒకే శునకమునకు సంబంధించి రెండు చెవులు రెండు శాఖల పరిధిలో ఉండుటయే సమస్యకు మూలమని గుర్తించడమైనది. కావున ఏకీకృత పాలన నిమిత్తం, సదరు శునకపు కుడి చెవికి సైతం కత్తిరింపు గుర్తు వేసి, రెండు చెవులనూ పురపాలక సంఘపు పరిధిలోనికి తెచ్చుటకు తీర్మానించడమైనది."

"అంటే మందు వాళ్లు వేస్తారా అండీ?" అన్నాను డాక్టరు గారితో.

"వాళ్ల దగ్గర మందు లేదు."

"మరి?"

"మన మీద మాట లేదు," అన్నారాయన. ఎన్నో వారాల తరవాత ఆయన కంటినిండా నిద్రపోయినట్టున్నారు, మర్నాడు మొహం తేటగా ఉంది.

తీర్మానం వెలువడిన రోజే కుడి చెవి కొస కత్తిరించారు. బాగున్న రోజుల్లో మా పరిధిలో ఉన్న చెవిని మేమే పాడు చేసి, పాడైన రోజున వాళ్లకు అప్పజెప్పాం. అసిరమ్మ కత్తిరించిన చోట పసుపు అద్దుతూ, "రెండోది కూడా ఎందుకు కోసీసినారు బాబూ? ఇదేనేటి మందు?" అని అడిగింది. నేను తలూపాను. ఔననో కాదనో నాకే తెలియదు.

ఆ సాయంత్రం మందుల సంచి సైకిలుకు తగిలించుకుని రైలుకట్ట అవతల అసిరమ్మ ఇంటికి వెళ్లాను. రెండు చెవులూ కడిగాను, ఆరబెట్టాను, చుక్కలు వేశాను. వరసగా మూడు వారాలు వెళ్లాను. వాసన పోయింది. జిగురు పోయింది. వాడు అన్నం తినడం మొదలుపెట్టాడు. చివరి రోజున వాడి వెనక నిలబడి చప్పట్లు కొట్టాను. వాడు తోక ఊపుకుంటూ ముందుకే చూస్తున్నాడు. పళ్లెం తెచ్చి గరిటెతో బాదాను. చూడలేదు. చీము లోపలికి దిగి ఎన్నాళ్లయిందో! ఈ పని మొదటి రోజే, డాక్టరు గారు ఆగమన్నా ఆగకుండా చేసి ఉండాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అంతకు మించి కారణమేమీ లేదు.

అసిరమ్మ గుమ్మంలోంచి నన్నూ, గరిటెనూ, కుక్కనూ చూసింది. ఆమెకు అరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

నెల తిరిగేసరికి మున్సిపల్ మైదానంలో పెద్ద సభ పెట్టారు. రెండు చెవులకూ సంపూర్ణ రికార్డు కలిగిన మొట్టమొదటి శునకంగా బూచిగాణ్ణి 'ఆదర్శ శునకం'గా ఎంపిక చేశారు. మెడలో చామంతి దండ వేసి వేదిక ఎక్కించారు. మినిట్స్ రాసే పని నాకు అప్పగించారు. అతిథులు రాగానే వేదిక పక్కనే వెయ్యి వాలా పేల్చారు. మైదానంలో ఉన్న కుక్కలన్నీ పారిపోయాయి. రెండు ఆవులు కంచె దూకాయి. బూచిగాడు దండలోని చామంతిని వాసన చూస్తూ కూర్చున్నాడు.

కమిషనర్ గారు మైకందుకున్నారు. "చూశారా ఈ నిగ్రహం! చూశారా ఈ క్రమశిక్షణ! టపాకాయలకు బెదరదు, మైకు మోతకు ఉలకదు, అనవసరంగా మొరగదు! సమగ్ర శ్రవణ సంరక్షణ ఫలితం ఇది! ప్రతి శునకమూ ఈ స్థాయికి చేరుకోవడమే మన ధ్యేయం. ఇప్పుడు లబ్ధిదారు తన అనుభవాన్ని పంచుకుంటారు."

అసిరమ్మ కదల్లేదు. దాలినాయుడు గారు మైకును ఆమె మొహం దగ్గర పెట్టి, చెవిలో అరిచారు. "మాట్లాడమంటన్నారు! రెండు ముక్కలు చెప్పు!"

ఆమె మైకు కేసి చూసి, వేదిక మీది వాళ్లందరి కేసి ఒక్కొక్కరినే చూసింది.

"ఏటి సెప్పనండి? నాకు ఇనపడదు. మొన్నటిదాకా ఈడికి ఇనపడీది, ఇప్పుడు ఈడికీ ఇనపడదు. మీ అందరికీ సెవులు బాగున్నాయి గదా బాబూ. నెలన్నరపాటు మీ గుమ్మాల కాడ నిలబడి మొత్తుకున్నాను. మరి మీకెందుకు ఇనపడనేదు?"

కమిషనర్ గారు ఒక క్షణం ఆలోచించి చప్పట్లు కొట్టారు. అది చూసి అందరూ కొట్టారు. దాలినాయుడు గారు నా కాగితం మీదికి వంగి, "రాసుకో నాయుడూ. లబ్ధిదారు హర్షం వ్యక్తం చేశారు," అన్నారు. నేను రాశాను. మినిట్స్ ఫైలులో ఇప్పటికీ నా దస్తూరీలోనే ఉంది.

ఆ సాయంత్రం అసిరమ్మ గంప నెత్తిన పెట్టుకుని కట్టవైపు నడిచింది. బూచిగాడు దండతోనే వెనక నడిచాడు. నేను కాగితాలు దాలినాయుడు గారి టేబుల్ మీద పడేసి, సైకిలు తీసుకుని వాళ్ల వెంట వెళ్లాను.

అప్పటినుంచి రోజూ ఐదున్నర బండి వేళకు పట్టాల దగ్గర నిలబడుతున్నాను. పొద్దున బండి వేళకూ అంతే. డ్యూటీ వేళల్లో ఎక్కడికి వెళుతున్నారో తెలియజేయమని డాక్టరు గారి దగ్గర్నుంచి ఒక మెమో వచ్చింది. రెండోది కూడా వచ్చింది. కూత వినపడగానే నేను చెయ్యి అడ్డం పెడతాను. అసిరమ్మ ఆగుతుంది. ఆమె ఆగడం చూసి బూచిగాడు గబగబా ముందుకొచ్చి, పాత అలవాటు కొద్దీ ఆమె కుచ్చెళ్లు పంటితో గట్టిగా పట్టుకుంటాడు. బండి చివరి పెట్టె దాటేదాకా వదలడు. తరవాత నా వంక చూసి తోక ఊపుతాడు. ఆమెను తనే ఆపానని వాడి నమ్మకం. నేనేమీ అనను.

ఏ శాఖ తరఫున నిలబడుతున్నానో రాసివ్వమని మూడో మెమో వస్తుందని తెలుసు. రానివ్వండి. నా చెవులకు ఇంకా ఎవరూ కత్తెర పెట్టలేదు. పెట్టేదాకా ఈ రెండు చెవులూ వాళ్లిద్దరివీ.